తీసి పెట్టే ఫైబర్ టాప్: బిగించుడు, రబ్బర్లు, తీసినంక దాచుడు (జిప్సీ, జీపు, రెండు సీట్ల ఓపెన్ కార్లు)

దేవరకొండ_జిప్సీ

అందరికి నమస్తే. బండి మారుతి జిప్సీ, రెగ్జిన్ హుడ్డుతోటి ఉన్నది. దానికి సరిపడే ఫైబర్ హార్డ్ టాప్ (గట్టి పైకప్పు) ఒకటి బేరానికి ఉన్నది. పక్కలకు జరిపే అద్దాలు, వెనక పైకి లేచే అద్దం తలుపు అన్ని ఉన్నయి. రబ్బర్లు మాత్రం ఎండి పగిలినయి, కొత్తయి వెయ్యాలె. మార్చి నుంచి వానలు పొయ్యేదాక టాప్ బండి మీద ఉండాలె, దసరా నుంచి శివరాత్రి దాక తీసి ఇంట్ల పెట్టాలె అని ఆలోచన.

ఎత్తనీకి ఎంతమంది కావాలె? బోల్టులు ఏ వరుసల, ఎంత గట్టిగ బిగించాలె? రబ్బరు ఏ రకం? తీసినంక యాడ పెట్టాలె, మిద్దె మీదనా, రేకుల షెడ్డులనా?

బోల్టు_నట్టు (నల్లగొండ)

పైసలు ఇయ్యకముందు టేపు పట్టుకపో తమ్మీ. టాప్‌ను తిరగెయ్యకుండ, బండి మీద ఎట్ల కూసుంటదో అట్లనే నేల మీద పెట్టించు. అడుగు అంచు దగ్గర ముందు వెడల్పు, నడుమ వెడల్పు, వెనక వెడల్పు, రెండు మూలమట్టాలు (ఎదురెదురు మూలల నడుమ దూరం) కొలువు. అవే కొలతలు బండి తొట్టి (పైకప్పు లేని బాడీ) అంచు మీద కూడ తియ్యి. 3 మిల్లీమీటర్ల తేడా రబ్బరు మింగుతది. 5 దాటిందంటే బోల్టుతోని గుంజి కలుపుదామని చూడకు, గుంజిన కాడనే పగులుతది. వెనక వెడల్పే ఎక్కువ మారుతది, ఎందుకంటే వెనక తలుపు కాడ అడుగున కట్టు ఉండదు, రెండు పక్కలు విచ్చుకుంటయి.

అందుకే ఎత్తే ముందు వెనక రెండు మూలల నడుమ ఒక చెక్క పట్టీ అడ్డం పెట్టి కట్టాలె. బండి మీద కూసున్నంక, వెనక బోల్టులు చేత్తోని పట్టినంకనే ఆ పట్టీ తియ్యాలె. ఇది వదిలేస్తే ఎత్తేటప్పుడు ఊగి, ముందు మూలల కాడ గీతలు పడతయి.

మనుషులు నలుగురు, మూలకు ఒకరు. ఐదో మనిషి ఎత్తడు, చూస్తడు, మాట చెప్తడు. చేతులు అడుగు అంచు కింద ఉండాలె. కిటికీ సందులల్ల చెయ్యి పెట్టి లేపొద్దు, అద్దం చట్రం వంగుతది. వెనక అద్దం తలుపు విప్పేసి వేరుగ పెడితే బరువు తగ్గుతది. గ్యాస్ షాకులు (తలుపును పైకి లేపి పట్టే కడ్డీలు) ముందే ఊడదియ్యాలె, తలుపు మూసి ఉన్నప్పుడు కూడ అవి రెండు పక్కల చట్రాన్ని తోస్తనే ఉంటయి.

బండి చదునైన జాగల ఉండాలె. ఒక చక్రం గుంతల ఉంటే తొట్టి మెలి తిరిగి ఉంటది, అప్పుడు కుదిరిన బోల్టు రోడ్డు మీద కుదరదు. తలుపుల అద్దాలు కిందికి దించాలె. హుడ్డు, దాని పైపులు అన్ని తీసెయ్యాలె. టాప్‌ను వెనక నుంచి తెచ్చి, ముందు పెదవిని విండ్‌షీల్డ్ ఫ్రేము మీద ఆనిచ్చి, అప్పుడు వెనక దించాలె. వెనక అంచును మొదలు దింపి టాప్‌ను ముందుకు నూకితే కొత్త రబ్బరు ముడుచుకుంటది, అక్కడనే మొదటి వానకు కారుతది.

బోల్టుల వరుస: మొత్తం బోల్టులు చేత్తోని మూడు నాలుగు చుట్లు పట్టేదాక పానా ముట్టొద్దు. ఒక్కటి పట్టకపోయినా మిగతావి వదులు చేసి టాప్‌ను జరపాలె. అన్నీ పట్టినంక ముందు ఫ్రేము నడుమ బోల్టు, తర్వాత ముందు మూలలు, ఆ తర్వాత ఎడమ ఒకటి కుడి ఒకటి చొప్పున వెనకకు. మొదటి తాపల సగం బిగింపు, రెండో తాపల పూర్తి. 50 కిలోమీటర్లు నడిచినంక మళ్లొకసారి అన్నీ చూడాలె, రబ్బరు అణిగి వదులైతయి.

ఎంత గట్టిగ అంటే, ఇనుము మీద ఇనుము ఐతే 8 మిల్లీమీటర్ల 8.8 గ్రేడు బోల్టుకు 25 న్యూటన్ మీటర్లు ఇస్తరు. ఫైబర్ నడుమల ఉంటే అందుల సగం కూడ ఎక్కువే. పొట్టి పానాతోని, మణికట్టు బలంతోనే బిగించు. రబ్బరు మూడో వంతు అణిగిందంటే ఆపెయ్యి. వాషర్ మామూలుది వద్దు, బయటి వెడల్పు 24 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండే పెద్ద వాషర్ వెయ్యాలె.

పాలమూరు_ఫైబర్ (మహబూబ్‌నగర్)

పై పోస్టులో చెప్పిన కొలతలు, బిగింపు రెండూ సరిగ్గా ఉన్నాయి. నేను కలిపేది వేడి లెక్క. మన దగ్గర ఫైబర్ టాప్ పాడయ్యేది వానకు కాదు, ఎండకు. రంధ్రాలు, రెజిన్ (గాజు నారను పట్టి గట్టిపడే జిగురు), దాచే చోటు అన్నీ ఎండను బట్టే తేల్చుకోవాలి.

ముందు బరువు. గాజు నార చాప వేసి రెజిన్ పోసిన ఫైబర్ 3 మిల్లీమీటర్ల మందానికి చదరపు మీటరుకు సుమారు నాలుగున్నర కిలోలు తూగుతుంది. అద్దం మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు, అంటే 4 మిల్లీమీటర్ల అద్దం 10 కిలోలు. కప్పు, పక్కలు కలిపి 6 చదరపు మీటర్ల ఫైబర్, 1 చదరపు మీటరు అద్దం వేసుకుంటే 37 కిలోలు. దానిపైన చట్రాలు, లోపలి గుడ్డ, కొక్కేలు, తలుపు. కాబట్టి నలుగురు అన్న లెక్క సరైనదే. మీ టాప్ కొలత మీరు టేపుతో తీసి ఇదే లెక్క కట్టుకోండి, తాడు, కొక్కెం ఎంత బలమైనవి కావాలో దాన్నుంచే తెలుస్తుంది.

ఇక వ్యాకోచం. 2 మీటర్ల పొడవున, 40 డిగ్రీల తేడాకు ఇనుము దాదాపు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. అదే తేడాకు ఫైబర్ 2 మిల్లీమీటర్ల పైనే పెరుగుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న కప్పు మే నెల మధ్యాహ్నం ఎండలో 65 దాటడం మనకు మామూలే, ముదురు రంగైతే ఇంకా ఎక్కువ. అంటే రోజూ టాప్ తొట్టి మీద మిల్లీమీటరుకు పైగా జరుగుతూ ఉంటుంది. రంధ్రం బోల్టుకు బిగుతుగా ఉంటే ఆ జరుగుడు ఫైబర్‌లోనే పగులుగా తేలుతుంది.

అందుకని ముందు నడిమి బోల్టు ఒక్కదానికే బిగువైన రంధ్రం ఉంచండి. మిగతా పక్క రంధ్రాలను ముందు వెనక దిశలో కోలగా, 8 బోల్టుకు 11 లేదా 12 మిల్లీమీటర్ల పొడవుకు సాగదీయండి. టాప్ ముందు దగ్గర నిలబడి వెనక్కి పెరుగుతుంది. రంధ్రంలో ఒక ఇనుప గొట్టం ముక్క వేస్తే ఇంకా మంచిది. లోపలి వెడల్పు 8.5 మిల్లీమీటర్లు, పొడవు ఫైబర్ మందం కంటే అర మిల్లీమీటరు ఎక్కువ ఉండాలి. బిగింపు బలం గొట్టం మీద పడుతుంది, ఫైబర్ నలగదు, జరగడానికి చోటూ ఉంటుంది. గొట్టం వేసే చోట రంధ్రాన్ని గొట్టం బయటి వెడల్పును బట్టి సాగదీయాలి, వాషర్ దాన్ని పూర్తిగా కప్పేలా చూసుకోవాలి.

కొనేటప్పుడు రెజిన్ ఏదని అడగండి. చవకగా పోసేది ఆర్థో రకం. అది 60, 70 డిగ్రీల దగ్గరే బరువు కింద వంగడం మొదలవుతుంది. ఐసో రకం 90 పైన తట్టుకుంటుంది. బండి మీద చుట్టూ ఆనుకుని ఉన్నప్పుడు ఆర్థో కూడా నడుస్తుంది. కానీ అదే టాప్‌ను ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద రెండు ఇటుకల మీద పెడితే మధ్యలో కుంగి, చల్లారాక అదే ఆకారంలో ఉండిపోతుంది. తర్వాత ఏ బోల్టూ కలవదు. రంగు తెలుపు, లేత గోధుమ వేయించండి.

దేవరకొండ_జిప్సీ

మస్తు ఉపయోగం అన్నా. చూసిన టాప్‌కు వెనక బోల్టు రంధ్రాల చుట్టు తెల్లగ చుక్క ముగ్గులెక్క పగుళ్లు ఉన్నయి. కొనొచ్చా?

పాలమూరు_ఫైబర్ (మహబూబ్‌నగర్)

రూపాయి బిళ్ళతో మెల్లగా కొట్టి వినండి. మంచి చోట టంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట డబ్బుమంటుంది. టంగుమంటే పగుళ్లు పైన జెల్‌కోట్‌లోనే (పైన నున్నటి రంగు పొరలోనే) ఉన్నాయి, అది చిన్న పని. డబ్బుమనే చోటు రంధ్రం చుట్టూ 5 సెంటీమీటర్లు దాటితే ధర బాగా తగ్గించి మాట్లాడండి, లేదా వదిలేయండి.

చిన్న పని ఎలాగంటే, పగులును వి ఆకారంలో కింద గట్టి ఫైబర్ అందేదాకా గీరాలి, 80 నంబరు కాగితంతో చుట్టూ 5 సెంటీమీటర్లు రుద్దాలి, అసిటోన్‌తో తుడవాలి. లోపలి వైపు నుంచి 300 గ్రాముల చాప రెండు పొరలు, ఒకటి కంటే ఒకటి పెద్దగా వేయాలి. బోల్టు కూర్చునే అంచు దగ్గర మందం 6 మిల్లీమీటర్లు వచ్చేదాకా పొరలు పెంచాలి. గట్టిపరిచే ద్రావకం, అదే ఎంఈకేపీ, మామూలుగా రెజిన్‌లో 1 నుంచి 2 శాతం. మన ఎండకాలంలో 1 శాతం చాలు. 2 వేస్తే గిన్నెలోనే పొగలు వచ్చి గడ్డకడుతుంది. పొద్దున 8 లోపు, నీడలో చేయండి.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్తున్నా. దుకాణంలో కోబాల్ట్ (రెజిన్ తొందరగా గట్టిపడేందుకు కలిపే మందు) వేరు సీసాలో ఇస్తే, ముందు దాన్ని రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే ఎంఈకేపీ వేయాలి. ఆ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే పేలుతుంది. ఒకే చెంచా రెండింటికీ వాడొద్దు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపు పోతుంది.

పాత_విల్లీస్ (వనపర్తి)

జిప్సీ కాకుండ పాత మహీంద్రా జీపు ఉన్నోళ్లు కూడ ఇది చదువుతరు కాబట్టి ఒక మాట. మారుతి బండిల నట్లు మెట్రిక్. 8 బోల్టుకు త్రెడ్ 1.25, 6 బోల్టుకు 1.0. కంపెనీ బోల్టు తలకు 12 నంబరు పానా పడతది. బజార్ల కొన్న 8 బోల్టుకు 13 నంబరు పానా పడుతది. పానా మారిందని బోల్టు తప్పనుకోవద్దు.

పాత జీపుల లెక్క వేరు. అక్కడ 5/16 అంగుళం బోల్టులు ఉంటయి. మందం 7.94 మిల్లీమీటర్లు, కంటికి 8 బోల్టే అనిపిస్తది. కాని సన్న త్రెడ్‌ది ఐతే అంగుళానికి 24 చుట్లు, అంటే చుట్టుకు 1.06 మిల్లీమీటర్లు. మెట్రిక్ 8ని అండ్ల పెడితే రెండు చుట్లు పోయి ఇరుక్కుంటది. ఇరుక్కున్నదంటే త్రెడ్ తెగుతున్నట్టే. పానాతోని నూకితే తొట్టికి వెల్డు చేసిన నట్టు లోపల తిరుగుతది, దాన్ని అందుకోనీకి తొట్టి అంచే కొయ్యాలె. అందుకే పాత బోల్టు ఒకటి జేబుల పెట్టుకపోయి, దుకాణంల కొత్త నట్టును దానికి చేత్తోని తిప్పి చూసి కొనుర్రి.

బోల్టులకు కాపర్ గ్రీజు పూసి వెయ్యాలె. ఏడాదికి రెండు సార్లు విప్పే బోల్టు వట్టిగ వేస్తే ఒక్క వానకాలానికే తుప్పు పట్టి కొరుకుతది.

సూర్యాపేట_65

రబ్బరు సంగతి నేను చెప్తా. అడగాల్సింది ఈపీడీఎం స్పాంజి రబ్బరు, గుండ్రటి బోలు ఉన్నది. పీవీసీ రబ్బరు చవక, చూడటానికి అదే నలుపు, కానీ రెండు ఎండకాలాలకు గట్టిపడి ముడుచుకుంటుంది. గోటితో నొక్కి వదలండి. స్పాంజి వెంటనే లేస్తుంది, పీవీసీలో గోటి గుర్తు కాసేపు ఉంటుంది. హైదరాబాద్‌లో రాణీగంజ్ రబ్బరు దుకాణాల్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. తొట్టి చుట్టూ, విండ్‌షీల్డ్ మీద, వెనక తలుపు చుట్టూ వేరువేరుగా దారంతో కొలిచి, ఒక్కోదానికి 10 సెంటీమీటర్లు ఎక్కువ తీసుకోండి.

ఏ సైజు బోలు కావాలో తెలుసుకోవడానికి, రబ్బరు లేకుండా టాప్‌ను బండి మీద పెట్టి, చుట్టూ ఏడెనిమిది చోట్ల సందులో బంకమట్టి ముద్దలు పెట్టి బోల్టులు చేతితో పట్టించండి. తీశాక ముద్దల మందం కొలవండి. సందు 8 మిల్లీమీటర్లు ఉంటే 12 మిల్లీమీటర్ల బోలు సరిపోతుంది, అంటే మూడో వంతు నలగాలి. సగం కంటే ఎక్కువ నలిగితే రబ్బరు తిరిగి లేవదు, పైగా తలుపు పడదు.

రబ్బరును టాప్‌కే అతికించాలి, తొట్టికి కాదు. టాప్ తీసినప్పుడు రబ్బరు దాంతోనే పోతుంది, ఓపెన్ బండిలో ఎక్కి దిగేటప్పుడు చిరగదు. అతికించేటప్పుడు సాగదీయొద్దు. మూలల దగ్గర సాగదీసిన రబ్బరు సన్నబడి, నెలలోపు వెనక్కి గుంజుకుని, అతుకు దగ్గర సందు వదులుతుంది. చివరలు 5 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి, ఎదురెదురుగా నూకి అతికించండి. అతుకు వెనక వైపు రావాలి. ముందు మూలలో అతుకు పెడితే గాలి వేగానికి వాన నీళ్లు అందులోకే పోతాయి.

నీళ్ల పరీక్ష పైపుకు నాజిల్ లేకుండా, ధార మెల్లగా పెట్టి చేయాలి. కింది నుంచి మొదలుపెట్టి పైకి రండి, ఒక్కో చోట రెండు మూడు నిమిషాలు, లోపల ఒకరు టార్చితో కూర్చోవాలి. పైనుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతుందో ఎప్పటికీ తేలదు. కారే చోట రబ్బరు మీద సుద్ద రాసి, బిగించి, విప్పి చూడండి. ఎదుటి అంచుకు సుద్ద అంటని చోటే సందు. అక్కడ బోల్టు ఇంకా బిగించడం కాదు, రబ్బరు కింద 2 మిల్లీమీటర్ల పట్టీ వేసి లేపాలి. నల్లగొండ జిల్లా బోరు నీళ్లతో కడిగితే అద్దాల మీద, రబ్బరు మీద తెల్లటి మచ్చలు మిగులుతాయి, ఆరకముందే మెత్తటి బట్టతో తుడవండి.

రబ్బరుకు సిలికాన్ గ్రీజు మాత్రమే, పలుచగా. ఇంజన్ ఆయిలు, వ్యాజ్‌లైను, డీజిలు తగిలితే ఈపీడీఎం ఉబ్బి మెత్తబడుతుంది.

డాలస్_మిర్యాల

ఇక్కడ అమెరికాలో ఈ పని ఎక్కువగా మజ్దా ఎంఎక్స్-5 మీద చేస్తారు, అది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 1989లో వచ్చిన మొదటి తరానికీ, 2005 దాకా నడిచిన రెండో తరానికీ ఒకదాని హార్డ్ టాప్ ఇంకొకదానికి సరిపోతుంది. బరువు 20 కిలోల చుట్టూ ఉంటుంది కాబట్టి ఇద్దరు చాలు, ఎడమ ఒకరు, కుడి ఒకరు. బిగింపు కూడా వేరే తీరు. విండ్‌షీల్డ్ మీద రెండు లాచీలు, తలుపుల వెనక పక్కలకు రెండు, వెనక డెక్కు మీద రెండు పట్లు. అన్నీ వదులుగా తగిలించాకే ఒక్కొక్కటి మూయాలి. లాచీ మూయడానికి రెండు చేతులు పెట్టాల్సి వస్తే కొక్కెం ఒక చుట్టు వదులు చేయాలి. బలవంతంగా మూస్తే ముందు మూలలో పగులు వస్తుంది. లాచీ తేలిగ్గా పడితే ఒక చుట్టు బిగించాలి, లేకపోతే గతుకుల్లో కటకటమంటుంది.

ఆ కారులో బట్ట హుడ్డును తీయరు, మడిచి సీట్ల వెనకే ఉంచి పైన హార్డ్ టాప్ వేస్తారు. మొదటి తరం హుడ్డుకు వెనక కిటికీ ప్లాస్టిక్‌ది, మడిచే ముందు దాని జిప్ తీసి చదునుగా పరచాలి. లేకపోతే మడత గీత శాశ్వతం. వెనక అద్దానికి మంచు ఆరబెట్టే తీగలు ఉంటే ఆ కనెక్టరు ముందు ఊడదీసి, తర్వాత టాప్ లేపాలి. మరిచిపోయి లేపితే తీగ తెగుతుంది.

ఇక్కడి వాళ్ల సలహాలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఇక్కడ హార్డ్ టాప్ చలికాలానికి, ఓపెన్ తిరుగుడు ఎండకాలానికి. మన దగ్గర దానికి ఉల్టా. ఇక్కడ గ్యారేజీలో దాచుకునే టాప్ వేసవంతా లోపలే ఉంటుంది. మన దగ్గర వేసవంతా బండి మీద ఉండేది టాప్, లోపల దాచేది హుడ్డు. కాబట్టి ఎండకాలంలో జాగ్రత్త కావాల్సింది మీ రెగ్జిన్ హుడ్డుకు. దాన్ని మడవొద్దు. పూర్తిగా ఆరాక, కిటికీ ప్లాస్టిక్ మీద పాత నూలు బట్ట పరిచి, 4 అంగుళాల పీవీసీ పైపు మీద చాపలా చుట్టి, ఇంటి లోపల అడ్డంగా పెట్టండి. మడిస్తే 40 డిగ్రీల వేడిలో ఆ మడత ఇక పోదు.

పాత_విల్లీస్ (వనపర్తి)

దాచుడు సంగతికి వస్తే నా ఓటు పైకి వేలాడదీసుడుకే. బండి నిలిపే జాగల స్లాబుకు నాలుగు కొక్కేలు, చేత్తోని తిప్పే వించి ఒకటి. టాప్ నట్లు విప్పి, బెల్టులు కట్టి పైకి లేపితే బండి కింద నుంచి బయటికి పోతది. నలుగురిని పిలిచే పని లేదు. కోతులు ముట్టవు, కుక్కలు ఎక్కవు, జాగ కూడ పోదు.

బోల్టు_నట్టు (నల్లగొండ)

వేలాడదీయొచ్చు, కాని ఎట్ల అన్నది ముఖ్యం. ఫ్యాన్ కొక్కేనికి కడుదామని చూస్తరు, అది వద్దు. నడి స్లాబులకంటె దూలం మంచిది. 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు దూలంల కడ్డీలు తప్పించి, అంచు నుంచి 10 సెంటీమీటర్లు వదిలి, రంధ్రంల పొడి మొత్తం ఊదేసి వెయ్యాలె. పొడి ఉంటే యాంకర్ పట్టదు, ఊడి వస్తది. దూలం లేకుంటే గోడ నుంచి గోడకు 2 అంగుళాల మందపు జీఐ పైపులు రెండు వేసి, వాటికి కట్టుడే నయం.

వించి ఏదంటే వర్మ్ గేరుది తీసుకో. చెయ్యి వదిలితే అక్కడనే ఆగుతది. పైకి లేపినంక బరువు వించి మీద ఉంచొద్దు, నాలుగు మూలలకు గొలుసులు తగిలించి వాటి మీదికి దించాలె. 50 మిల్లీమీటర్ల వెడల్పు బెల్టులు, అంచు కింద చెక్క పట్టీ మీదుగ పోవాలె. కిటికీ సందులల్ల నుంచి తాడు దూరిస్తే బరువంతా ఆ సన్న పట్టీ మీదనే పడుతది. లేపేటప్పుడు, దించేటప్పుడు దాని కింద మనిషి నిలబడొద్దు.

పాలమూరు_ఫైబర్ (మహబూబ్‌నగర్)

నేను స్టాండుకే మొగ్గు చూపుతా. నాలుగు చోట్ల పట్టుకుని వేలాడే టాప్ కంటే చుట్టూ ఆనుకున్న టాప్ ఆకారం చెడదు. దసరా నుంచి శివరాత్రి దాకా అయితే చలికాలం కాబట్టి వేలాడినా పరవాలేదు, కానీ ఏ కారణం చేతనైనా టాప్ ఏప్రిల్ దాకా లోపలే ఉండిపోతే వేలాడదీయొద్దు. ముఖ్యంగా రేకుల షెడ్డు కప్పు కింద. పైన రేకు వేడి మొత్తం దాని మీదికే దిగుతుంది.

స్టాండు కష్టమేమీ కాదు. 25 మిల్లీమీటర్ల చదరపు ఇనుప గొట్టం, 16 గేజి. టాప్ అడుగు అంచు కొలతతో ఒక చట్రం, మధ్యలో రెండు అడ్డ గొట్టాలు, 40 సెంటీమీటర్ల కాళ్లు, చక్రాలు. గొట్టం మీద పాత కార్పెట్ ముక్కలు చుట్టండి. నల్ల రబ్బరు నేరుగా తెల్ల ఫైబర్‌కు ఆనితే నెలల తర్వాత గోధుమ మరక పడి పోదు. కొత్త రబ్బరు నలగకుండా, బోల్టు రంధ్రాల దగ్గర మాత్రమే 15 మిల్లీమీటర్ల చెక్క ముక్కలు పెట్టి బరువు వాటి మీద పడేలా చూడండి. చెక్క స్టాండు అసలే వద్దు, మన నేలల్లో చెదలు కాళ్ల వెంట ఎక్కి లోపలి గుడ్డ దాకా పోతాయి.

చోటు లేక నిలబెట్టాల్సి వస్తే వెనక తలుపు, పక్క అద్దాలు తీసేసి, ముందు పెదవి పైకి, వెనక అంచు కిందికి ఉండేలా, గోడకు బెల్టుతో కట్టి నిలబెట్టండి. పక్కకు వాల్చి పెట్టొద్దు.

పైన కప్పేది పలుచటి నూలు దుప్పటి. పాలిథీన్, టార్పాలిన్ వద్దు, లోపల చెమ్మ ఆగి జెల్‌కోట్ మీద బుడగలు లేస్తాయి. మిద్దె మీద పెట్టే ఆలోచన పూర్తిగా మానుకోండి. ఎండ ఒక కారణం, కోతులు రెండో కారణం. కోతి దూకితే 3 మిల్లీమీటర్ల కప్పు మధ్యలో పగులుతుంది, రబ్బరు, దుప్పటి పీకి పడేస్తాయి.

హుజూర్‌నగర్_డ్రైవ్

అద్దాల గురించి ఎవరూ రాయలేదు. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక బూడిద, మా వైపు సిమెంటు దుమ్ము, రెండూ జరిపే అద్దాల కాల్వల్లో చేరతాయి. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికానే, అద్దాన్ని గీస్తుంది. టాప్ తీసిన రోజే కాల్వలను పెయింటు బ్రష్షుతో, తర్వాత వాక్యూముతో శుభ్రం చేయండి. తడి చేయొద్దు, సిమెంటు దుమ్ము తడిస్తే కాల్వలోనే గట్టిపడుతుంది. కాల్వలో ముఖమల్ పట్టీ అరిగి ఉంటే ఇదే అదను, మార్చేయండి. కాల్వ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి, సన్న తీగతో పొడిచి తెరవండి. అవి మూసుకుపోతే నీళ్లు లోపలికి పొంగుతాయి, అందరూ రబ్బరు కారుతుందనుకుంటారు.

గద్వాల_థార్

థార్ కన్వర్టిబుల్‌కు బయట పోసిన ఫైబర్ టాప్ వేద్దామని ఉంది. ఇవే పద్ధతులు నడుస్తాయా?

ఆర్సీ_కాగితాలు (నల్లగొండ)

బిగించే పద్ధతి కంటే ముందు కాగితాలు చూసుకోండి సార్. దేవరకొండ తమ్ముడు కూడా ఇది చదవాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆర్సీలో బాడీ రకం దగ్గర సాఫ్ట్ టాప్ అని ఉంటే, టాప్ కొనకముందే జిల్లా రవాణా కార్యాలయంలో ఆర్సీ చూపించి, దరఖాస్తు రాసి ఇచ్చి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నోటి మాట మీద పైసలు పెట్టొద్దు. జిప్సీని కంపెనీయే సాఫ్ట్ టాప్, హార్డ్ టాప్ రెండు రకాలుగా అమ్మింది, ఆ సంగతి దరఖాస్తులో రాయండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఉత్తరం ఇచ్చి రసీదు దాచుకోండి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము దగ్గర ఇదే మాట లేస్తుంది.

బోల్టు_నట్టు (నల్లగొండ)

థార్ తమ్మికి: కాగితాలు కుదిరితే బిగింపు లెక్క ఇదే. ఒకటి అదనంగ చూడు. వెనక సీటు బెల్టుల పై కొక్కెం దేనికి ఉన్నదో చూడాలె. లోపలి రోల్ కేజ్‌కు (ఇనుప పైపుల చట్రానికి) ఉంటే ఫికరు లేదు. ఫైబర్‌కే పెట్టి ఇస్తమని ఎవరన్న అంటే ఒప్పుకోకు, ప్రమాదంల మనిషి బరువును ఫైబర్ ఆపలేదు. పైన లగేజీ క్యారియరు కూడ ఫైబర్‌కు బిగించొద్దు, రోల్ కేజ్ దాక కాళ్లు దింపి బిగించాలె.

విజయవాడ హైవే మీద లారీని దాటేటప్పుడు గాలి టాప్‌ను పైకి గుంజుతది. సగం బోల్టులతోని ఇంటికి తీసుకపోదాం, రేపు బిగిద్దాం అని బండి తియ్యొద్దు. ఒక్క బోల్టు తక్కువున్నా రోడ్డు ఎక్కనియ్యకు.

దేవరకొండ_జిప్సీ

అందరికి శనార్తులు. ఆర్సీ పట్టుకొని ముందుగాల రవాణా ఆఫీసుకే పోత. తీసినంక గ్యాస్ షాకులు, బోల్టులు, వైర్ల కొసలు ఎట్ల పెట్టాలె అన్నది ఒక్కటి మిగిలింది.

పాత_విల్లీస్ (వనపర్తి)

గ్యాస్ షాకులు సన్న కడ్డీ కిందికి ఉండేటట్టు నిలబెట్టాలె. లోపల నూనె సీలు మీద ఉంటది, సీలు ఎండదు. కడ్డీకి ఇసుక అంటకుండ బట్ట చుట్టు. లోపలి లైటు, వెనక అద్దం తీగల కనెక్టరు బండి వైపుది కొద్దిగ డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు కనెక్టర్లకు పూసేది) పెట్టి, చిన్న సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, మూతి కిందికి ఉండేటట్టు కట్టెయ్యి. మూతి పైకి ఉంటే నీళ్లు నిలిచి పిన్నులు పచ్చబడతయి.

బోల్టులు డబ్బాల ఎయ్యకు. వాటి వాషర్లతోనే తొట్టి నట్లల్లకు తిరిగి చేత్తోని తిప్పి పెట్టు, కింద ఒక్కోదానికి పలుచటి రబ్బరు వాషర్ వేసి. ఓపెన్ బండి తడిసినా, కడిగినా నట్టులకు నీళ్లు పోవు, తొట్టి అంచు లోపల తుప్పు పట్టదు, శివరాత్రికి ఒక్క బోల్టు కూడ వెతుక్కునే పని ఉండదు.